రెండు నాలుకల జెండా

తామ్రగిరి కోటలో జెండా ఎగిరేది కొయ్య మీదా కాదు, రాతి మీదా కాదు. పాము మీద.

అరవై మూరల నల్లని పాము అది. తోకను బురుజు చుట్టూ మూడు చుట్లు చుట్టి, ఒళ్లంతా ఆకాశంలోకి నిటారుగా నిలిపి, కోరల మధ్య తామ్రగిరి పతాకాన్ని కరిచి పట్టుకుని ఉంటుంది. దాని పొలుసు ఒక్కొక్కటీ పళ్లెమంత. ఎండ తగిలితే నెమలి కంఠంలా మెరుస్తుంది, మబ్బు కమ్మితే బొగ్గులా నల్లబడుతుంది. దాని కళ్లు కెంపులనుకుని కొత్తవాళ్లు నోరు తెరుస్తారు. ఆ కెంపుల మీద రెప్ప పడగానే నోరు మూసుకుంటారు. ఏడాది కిందట రాజును చంపి కోట పట్టిన మాంత్రికుడు భస్మాక్షుడు పాత టేకు స్తంభాన్ని పెరికించి పారేసి, దాని చోట ఈ పామును నిలబెట్టాడు.

ఆ రోజు అమావాస్య మర్నాడు. నెలకోసారి జెండా దించి ఉతికే రోజు. పొద్దు బారెడెక్కేసరికి, వీపున బట్టలుతికే చవుడు మట్టి మూటతో ఒక ముసలి రజకుడు బురుజు మెట్లెక్కి వచ్చాడు. తలపాగా కనుబొమల దాకా ఉంది, గడ్డం బొడ్డు దాకా ఉంది.

"ఏం తాతా, ఎప్పుడూ వచ్చే గురవడేడీ?" అన్నాడు కావలివాడు.

"వాడికి చలిజ్వరం బాబూ. నన్ను పొమ్మన్నాడు."

"పాఠం నేర్పి పంపాడా, ఊరికే పంపాడా? పైకెళ్లాక పాము అడుగుద్ది. మొన్న మాఘంలో వచ్చినోడు తెలివితక్కువగా పాత పాఠం చెప్పాడు. చెప్పులు మాత్రం కిందపడ్డాయి."

"నాకు చెప్పులే లేవు బాబూ."

"అయితే నువ్వొచ్చినట్టు కూడా ఎవరికీ తెలీదు. ఎక్కు, ఎక్కు!"

కావలివాళ్లు పగలబడి నవ్వారు. ముసలివాడు పాము పొలుసుల మీద కాలుపెట్టి పైకి పాకసాగాడు.

ఆ గడ్డం మేకవెంట్రుకలది. దాని వెనక ఉన్నవాడు ముసలివాడూ కాదు, రజకుడూ కాదు. పేరు పోలన్న, వయసు ఇరవై ఆరు. తామ్రగిరి జెండాకు తరతరాలుగా రంగులద్దుతున్న ఇంటివాడు. ఆ ఇంటి పెద్దకే, పట్టాభిషేకం రోజున నిండు సభలో జెండా పాఠం చదివే హక్కుంది. ఏ రంగు ఎవరిదో, ఏ గుర్తు దేనికో ఆయన చదివి వినిపిస్తేనే రాజు రాజవుతాడు.

ఆ ఇంటి పెద్ద ఇప్పుడు బురుజు గోడకు వేలాడుతున్నాడు.

గోడలోంచి ఒక దూలం బయటికి పొడుచుకుని ఉంది. దూలానికి తాడు, తాడుకు ఇనుప బోను, బోనులో బావన్న. పోలన్న తండ్రి. కింద కందకం, కందకంలో మొసళ్లు. భస్మాక్షుడు రాసిచ్చిన కొత్త పాఠం చదవనన్నాడని ఆయన్ను అందులో పెట్టారు. ఇవాళ సూర్యుడు గుంకగానే ఆ తాడు కోసేస్తారని ఊరంతా చాటింపు వేశారు.

తూర్పున తొమ్మిది గుట్టల మీద పదివేల ఈటెలు నేలలో గుచ్చి ఉన్నాయి. చనిపోయిన రాజు కొడుకు ధవళకేతుడు అక్కడే మకాం వేశాడు. కానీ గుట్టలవాళ్లు మనిషి మాట మీద కదలరు, జెండా మీద కదులుతారు. అసలు జెండా తమ కళ్లముందు ఎగిరితేనే నేలలోంచి ఈటె పెరుకుతారు. అది మధ్యాహ్నానికి గుట్టలకు చేరితే, సాయంత్రానికి సేన కోట ముందు ఉంటుంది. చేరకపోతే బావన్న ఉండడు.

పోలన్న పాము మెడ దగ్గరికి చేరాడు. కెంపుల మీద రెప్ప పడి లేచింది.

"తెలుపు ఎవరిది?" పాము గొంతు పాడుబావిలోంచి వచ్చినట్టుంది.

ఉగ్గుపాలతో నేర్చిన పాఠం పోలన్న పెదవుల దాకా వచ్చింది. తెలుపు పత్తి, పండించినవాడిది. దాన్ని గుటుక్కున మింగాడు.

"రాజుది. రాజు కీర్తి తెలుపు."

"నీలం?"

నీలం మడుగు, మునిగినవాడిది.

"రాజుది. రాజు కత్తి నీలం."

"ఎరుపు?"

జెండా నడుమ గుండ్రంగా ఉన్న ఎర్రని గుర్తును దేశాంతరులు సూర్యుడనుకుంటారు. సూర్యుడు కాదు. తామ్రగిరి మొదటి యుద్ధంలో మగళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లు వరుసగా వచ్చి, నుదుటి కుంకుమ చెరిపి, ఆ వేలు ఈ గుడ్డకు తుడిచారు. ఎరుపు బొట్టు, చెరుపుకున్నదానిది. మొదటి వేలు పోలన్న ఇంటి ఆడదానిదే.

"రాజుదే," అన్నాడు పోలన్న. "రాజు ప్రతాపం ఎరుపు."

"నాలుకలు?"

జెండా కొస రెండు పాయలుగా చీలి ఉంటుంది. పైది తెలుపు, కిందది నీలం. వాటిని నాలుకలంటారు.

"రెండూ రాజువే," అన్నాడు పోలన్న మెల్లగా.

"గట్టిగా చెప్పు. కిందివాళ్లకు వినపడాలి. అది నా యజమాని ఆజ్ఞ."

దూలం మీద తాడు కిర్రుమంది. బోనులో బావన్న తలెత్తి చూస్తున్నాడు.

"రెండూ రాజువే!" పోలన్న గొంతు చించుకుని అరిచాడు. "ఒకటి రాజు ఆజ్ఞ! ఒకటి రాజు శిక్ష!"

మేకవెంట్రుకలు ముఖాన్ని దాస్తాయిగానీ గొంతును దాచలేవు. బావన్న కొడుకును గుర్తుపట్టాడు. పేరుపెట్టి పిలవలేదు. పిలిస్తే కొడుకు ప్రాణం పోతుంది. కందకంలోకి తుపుక్కున ఉమ్మి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"బాగా చదివావు," అని పాము నోరు తెరిచింది. "ఒక్క తడబాటు లేదు."

పోలన్న జెండాను లాగి, మడిచి, చవుడు మూటలో దూర్చి సర్రున కిందికి జారాడు.

కింద భస్మాక్షుడు నిలబడి ఉన్నాడు.

బూడిదరంగు కళ్లు, బూడిదరంగు గడ్డం, చేతిలో ఏనుగు దంతంతో చేసిన, బూడిద నింపిన బుర్ర. పక్కనే అతని గాలిగుర్రం గిట్టలతో రాళ్లు గీరుతోంది. రెక్కలు లేకున్నా గాలిలా దూకే, కళ్లెం అక్కర్లేని గుర్రం అది. వీపెక్కినవాడు చెవిలో చెప్పిన చోటికి పోతుంది.

"ఈ వయసులో ఇంత ఎత్తెక్కి ఆయాసపడకుండా పాఠం అప్పజెప్పావు," అన్నాడు భస్మాక్షుడు ముచ్చటగా. "చెయ్యి పట్టు తాతా, తాంబూలమిస్తాను."

పోలన్న వంగి దోసిలి పట్టాడు. తమలపాకు దోసిట్లో పడలేదు. మాంత్రికుడి వేళ్లు అతని మణికట్టును పట్టుకారులా బిగించాయి.

"ఉతికేవాడి గోళ్లు చవుడుకు తెల్లబారతాయి. నీవేమిటోయ్, ఇంత నీలం? ఇరవయ్యేళ్లు నీలితొట్టిలో ఊరిన గోళ్లు కదూ ఇవి?"

"చూపు గట్టిదే అయ్యగారిది!" అంటూ పోలన్న రెండో చేత్తో మూటలోని చవుడు గుప్పెడు తీసి ఆ కళ్లలో కొట్టాడు.

భస్మాక్షుడు కెవ్వుమన్నాడు. కావలివాళ్లు ఈటెలెత్తేలోపు పోలన్న గాలిగుర్రం మీదికి ఉరికి, "గుట్టలకు!" అని దాని చెవిలో అరిచాడు. గుర్రం నాలుగు కాళ్లూ ఒక్కసారే నేలను వదిలాయి. బురుజు మీంచి ప్రాకారం, ప్రాకారం మీంచి వంతెన. వంతెనను అప్పటికే గొలుసులతో పైకి లాగుతున్నారు. లేచిన వంతెన కొసన గుర్రం గిట్టలు ఒక్క క్షణం టకటకలాడాయి. మరుక్షణం కందకం వెనక్కి పోయింది.

వెనకనుంచి బుస్సుమని చప్పుడు. పోలన్న తిరిగి చూశాడు. కళ్లు నులుముకుంటూనే భస్మాక్షుడు బూడిద బుర్ర ఊదాడు. ఆ బూడిద గాలిలో ముద్దలు కట్టి, ముద్దలకు రెక్కలు మొలిచి, ఏడు డేగలై తరుముకొస్తోంది. మొదటి డేగ తలపాగాను ఎగరేసుకుపోయింది. రెండోది గడ్డాన్ని పీకి, అది మాంసం కాదని తెలిసి కోపంతో కూసింది. మూడోది భుజం మీద వాలితే చొక్కా మాడి, చర్మం కమిలింది. దాని ఒళ్లంతా నిప్పే.

ఎదురుగా వెన్నెలధార. నూరు నిలువుల ఎత్తునుంచి కొండ కొప్పు విప్పినట్టు దూకే జలపాతం. ఎండలో దాని తుంపరలు ఏడు రంగుల ముగ్గులు వేస్తున్నాయి.

"అందులోంచే పో!" అన్నాడు పోలన్న.

గుర్రం చెవులు వెనక్కి పెట్టి నీటి తెరలోకి దూకింది. వెంట ఏడు డేగలూ దూకాయి. అవతలివైపు గుర్రం బయటికొచ్చింది, పోలన్న వచ్చాడు, ఏడు ముద్దల బురద వచ్చి బండల మీద చప్పున పడింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పోలన్న గుట్టలకు చేరాడు.

రాకుమారుడి గుడారం పసుపుపచ్చని పట్టుది. అంచులకు ముత్యాల కుచ్చులు, లోపల చందనం మంచం, మంచం పక్కన నెమలిపింఛం వీచే పరిచారకులు. యుద్ధానికి వచ్చిన గుడారమని చెబితేగానీ తెలియదు. ధవళకేతుడు ఎదురొచ్చి, బురదతో ఉన్న పోలన్నను గుండెకు హత్తుకున్నాడు. ఇరవై రెండేళ్లవాడు, చక్కనివాడు. పదేళ్ల వయసునుంచీ పరాయిదేశంలో మేనమామ కొలువులో పెరిగి, నెల కిందటే తిరిగొచ్చాడు.

"పోలన్నా! నా రాజ్యాన్ని మూటగట్టి తెచ్చావయ్యా!"

"ప్రభూ, సేనను వెంటనే కదిలించాలి. పొద్దు గుంకితే మా నాయన..."

"తెలుసు, తెలుసు." రాకుమారుడు జెండాను చందనం మంచం మీద పరిపించి, అరచేత్తో నిమిరాడు. తెలుపు మీద, నీలం మీద, బొట్టు మీద నిమిరి, కొసకు వచ్చేసరికి చెయ్యి ఆపాడు. "మామగారి కొలువులో నన్నేమని పిలిచేవారో తెలుసా? 'రెండు నాలుకలవాడు' అని. నేనేం మాట్లాడినా, ఇది ఏ నాలుకతో అన్నాడో అని నవ్వేవారు. పన్నెండేళ్లు ఆ నవ్వు విన్నాను."

"ఆ నవ్విన వాళ్లకు పాఠం తెలియదు ప్రభూ. ఒక నాలుక ఏలేవాడిది, ఒకటి ఏలించుకునేవాడిది. రాజు తప్పుచేస్తే తలుపుతట్టి అడిగే హక్కు..."

"అదే వద్దంటున్నాను." ధవళకేతుడు చిన్నగా నవ్వాడు. "చూడు, భస్మాక్షుడు దురాశాపరుడు. రెండు నాలుకలూ తనవే అన్నాడు. నాకంత ఆశ లేదు. ఒక్కటి చాలు. రెండోది కోసెయ్యి."

పోలన్నకు అర్థం కాలేదు. అర్థమయ్యాక జెండా కొసను గుప్పిట పట్టుకున్నాడు.

"మా నాయన ఆ రెండో నాలుక కోసమే బోనులో వేలాడుతున్నాడు ప్రభూ."

"అందుకే తొందరగా కొయ్యమంటున్నాను. పొద్దు వాలుతోంది."

"మరి మీరే కోయించుకోవచ్చుగా? మీ దగ్గర దర్జీలున్నారు."

"జెండా ఇంటివాడు తప్ప ఇంకొకరు కత్తెరవేస్తే గుట్టలవాళ్లు ఒప్పుకోరట. కనుక్కున్నాను. నువ్వు కోస్తే జెండా ఎగురుతుంది. ఎగిరితే సేన కదులుతుంది. కొయ్యకపోతే నేను ఇక్కడే చందనం మంచం మీద పడుకుంటాను. నాకేం తొందర లేదు పోలన్నా. తొందరంతా నీదే."

గుడారం తెర సందులోంచి బయట నేలలో గుచ్చిన ఈటెలు కనిపిస్తున్నాయి. వాటి నీడలు అప్పుడే తూర్పుకు ఒక బెత్తెడు సాగాయి.

పోలన్న చెయ్యి చాచాడు. పరిచారకుడు వెండి కత్తెర అందించాడు. పోలన్న దాన్ని తెరిచి పట్టుకున్నాడు.

"ఏది ప్రభూ?"

"అదీ నేనే చెప్పాలా? రాజెప్పుడూ పైనే ఉంటాడు. కిందది కొయ్యి."

పోలన్న తలెత్తి రాకుమారుడి ముఖంలోకి చూశాడు.   కత్తెర కసుక్కుమంది. నీలి నాలుక తెగి చందనం మంచం మీద పడింది.

ఏనుగు అంబారీ మీద జెండా లేచింది. పదివేలమంది ఒక్కసారి పైకి చూశారు. జయజయధ్వానానికి సిద్ధంగా ఛాతీ పొంగించి నిలబడ్డాడు ధవళకేతుడు.

ఎవరూ అరవలేదు.

ముందు వరసలోంచి ఒక ఆడమనిషి కదిలివచ్చింది. తొమ్మిది గుట్టలకూ నాయకురాలు, సూరసాని. అరవయ్యేళ్లు దాటినా చేతిలో విల్లు ఎవరూ వంచలేనిది.

"చిన్నదొరా," అంది. "మీ నాలుక మీరే కోయించుకున్నారా?"

"ఏమిటా వాగుడు? కోసింది నాది కాదు, వాళ్లది. కిందది."

"కిందదే మీది దొరా!" ముసలమ్మ పళ్లు కొరికింది. "తెలుపు పత్తి, పండించినవాడిది. నీలం మడుగు, మునిగినవాడిది. పట్టం కట్టే రోజున రాజును నీలితొట్టిలో ముంచి లేపుతారు. ఎందుకో తెలుసా? వారంపాటు ఆ రంగు ఒంటిమీద ఉంటుంది. అద్దంలో చూసుకుంటే తానూ ఒక గుడ్డముక్కేనని గుర్తుండాలని! మీ నాయన మునిగాడు. ఆయన నాయన మునిగాడు. మోసేవాడు కిందుంటాడు దొరా. ఎక్కి కూర్చున్నవాళ్లం మేం."

ధవళకేతుడి ముఖం పాలిపోయింది. "పోలన్నా! నీకు తెలుసా ఇది?"

"నా చిన్నప్పటినుంచి తెలుసు ప్రభూ."

"ద్రోహీ! మళ్లీ కుట్టు! ఇప్పుడే కుట్టు!"

"కుట్టడానికి దారం ఉంది ప్రభూ," అన్నాడు పోలన్న. "పొద్దే లేదు."

సూరసాని అంబారీకి ఎదురుగా నిలబడి, సేన వైపు తిరిగి గొంతెత్తింది. "వినండర్రా! జెండా మీద లేనివాడి మాట మన గుట్టల్లో చెల్లదు. ఇవాళ్టికి తెల్ల నాలుకే మాట్లాడుతుంది. ఒరే పోలిగా, జెండా తెచ్చినవాడివి నువ్వు. చెప్పు, ఎటు?"

"కోటకు!" అన్నాడు పోలన్న.

పదివేల ఈటెలు నేలలోంచి పెకలిన చప్పుడుకు లోయలోని కొంగలన్నీ లేచిపోయాయి. సేన కొండ వాలున వరదలా దిగింది. రాళ్లు దొర్లాయి, వాగులు తెల్లబోయాయి, ముళ్లపొదలు కాళ్ల కింద మట్టిలో కలిశాయి. పోలన్న గాలిగుర్రం మీద అందరికంటే ముందున్నాడు. అతని వెనక సూరసాని, ఆమె వెనక జెండా ఏనుగు. ధవళకేతుణ్ని ఎవరూ కట్టేయలేదు, ఎవరూ పిలవలేదు. వాళ్ల దృష్టిలో అతను అక్కడ లేడు.

అదే వాళ్లు చేసిన పొరపాటు.

అందరూ ముందుకు పోయాక ధవళకేతుడు తన వేలి ఉంగరం తీసి ఒక రౌతు చేతిలో పెట్టాడు. "అడ్డదారిన కోటకు పో. భస్మాక్షుడితో చెప్పు. సేన వస్తోంది, దారి తూర్పు ద్వారం. ముసలాడి తాడు ముందే కోస్తే వాళ్ల కాలు ఆగుతుంది. ఆయన రాజుగా ఉండొచ్చు. నన్ను యువరాజుగా ఉంచితే చాలు."

"ప్రభూ, ఆయన మీ తండ్రిని చంపినవాడు!"

"నా నాలుక కోసినవాడు కాదు గదా," అన్నాడు ధవళకేతుడు.

సూర్యుడు ఇంకా జానెడెత్తున ఉండగానే సేన తూర్పు ద్వారం చేరింది. చేరేసరికి ద్వారం మీద మరుగుతున్న నూనె సిద్ధంగా ఉంది. కాగడాలు సిద్ధంగా ఉన్నాయి. తామ్రగిరి గోడల మీద ఏ రోజూ లేనంతమంది విలుకాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. బూడిద మేఘం ఒకటి ప్రాకారం మీదినుంచి పాకుతూ ముందు వరస ఈటెలవాళ్లను కమ్మేసింది. వాళ్ల దగ్గులు వినపడ్డాయి, తర్వాత అవీ ఆగిపోయాయి.

"ఎవడో మన రాక ముందే చెప్పాడురా!" అని అరిచింది సూరసాని.

పోలన్న వినడం లేదు. అతని కళ్లు దూలం మీద ఉన్నాయి. గోడ కంతలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, తాడు మీద రంపం పెట్టి కోస్తోంది.

"ఇంకా పొద్దుంది!" పోలన్న కేక పెట్టాడు. "పొద్దు గుంకలేదురా!"

రంపం ఆగలేదు.

"సూరమ్మత్తా, గోడకు బాణాలు! రాళ్ల సందుల్లోకి!"

ముసలమ్మకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. ఆమె విల్లు ఝణఝణలాడింది. బాణం తర్వాత బాణం, మూరెడు మూరెడు ఎడంగా, కందకం అంచునుంచి దూలం దాకా గోడ రాళ్ల సందుల్లో సగం దాకా దిగబడ్డాయి. గాలిగుర్రం కందకం మీదికి దూకింది. దాని కడుపు కింద ఒక మొసలి నోరు టక్కుమని మూసుకుంది. పోలన్న జీను మీంచి దూకి మొదటి బాణాన్ని పట్టుకున్నాడు. అది వంగింది, విరగలేదు. రెండోది. మూడోది. పైనుంచి నూనె చిమ్మింది. చెంపా వీపూ కాలాయి. ఏడోది చేతిలో విరిగింది. ఎనిమిదోదాన్ని పళ్లతో పట్టుకుని వేలాడి, తొమ్మిదోదానికి చెయ్యి అందించాడు.

పదమూడో బాణం మీంచి ఎగిరి బోను ఊచలు పట్టుకున్నాడు. బోను గిర్రున తిరిగింది. తాడులో మూడు పోగులకు రెండు అప్పటికే తెగిపోయి, పిలకల్లా విచ్చుకుని ఉన్నాయి.

లోపల బావన్న కదలకుండా కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి, పెదాలు ఎండి ఉన్నాయి.

"నాయనా! లే! తలుపు గడియ ఇటుంది, లోపల్నుంచి తన్ను!"

బావన్న లేవలేదు. "పొద్దున పాము మీద కూసింది నువ్వేగా?"

"నేనే నాయనా. జెండా కోసం కూశాను. నిన్ను విడిపించాలని. జెండా దక్కింది, అదుగో చూడు!"

బావన్న చూశాడు. యుద్ధభూమికి అవతల, ఏనుగు మీద, వాలుతున్న ఎండలో జెండా రెపరెపలాడుతోంది. డెబ్భై ఏళ్లుగా ఆ గుడ్డను చూసిన కళ్లు అవి. కొసకు పోగానే ఆగిపోయాయి.

"ఒక్కటే ఉంది."

"తన్ను నాయనా! తాడు తెగుతోంది!"

"ఎవడు కోశాడు?"

పోలన్న గడియను భుజంతో కుమ్ముతున్నాడు. "నేనే. కోసింది రాజుదే నాయనా. నీలిది. మనది కాదు. మనది అలాగే ఉంది, చూడు!"

"రాజుది కొయ్యమని నీకెవరు చెప్పారు?"

"రాకుమారుడే. ఏది ఎవరిదో తెలియక కిందది చూపించాడు."

గడియ సగం ఊడింది. తాడు మీద రంపం చప్పుడు ఒక్కసారి ఆగి, మళ్లీ మొదలయ్యింది.

బావన్న మొదటిసారి కొడుకు దగ్గరికి జరిగాడు. ఊచల మధ్యలోంచి చెయ్యి చాచి, నూనెకు కాలిన అతని చెంపను తాకాడు. తిట్టలేదు, కోప్పడలేదు. రంగు కుదిరిందో లేదో చూసుకునేవాడిలా కొడుకు కళ్లలోకి చూసి అడిగాడు.

"వాడు పైది చూపించి ఉంటే?"

గడియ మీద పోలన్న భుజం ఆగింది.

మూడో పోగు తెగింది. బోను ఇద్దరితో సహా కందకంలోకి జారింది.